నచ్చిన పుస్తకాన్ని ఇంకొకరి చేత చదివించడం ఎలా? హైదరాబాద్ పాఠకులకు ఒక సమగ్ర మార్గదర్శి

ఒక పుస్తకం బాగా నచ్చిందంటే దాని గురించి ఎవరికో ఒకరికి చెప్పేదాకా మనసు ఊరుకోదు. చెబుతాం. అవతలివాళ్లు "అవునా, తప్పకుండా చదువుతా" అంటారు. నెల తర్వాత కదిలిస్తే పుస్తకం పేరు కూడా గుర్తుండదు. ఇందులో వాళ్ల తప్పేమీ లేదు. పేరు చెప్పినంత మాత్రాన పుస్తకం చేరదు. దాన్ని చేర్చడానికి కొంత పని ఉంది. ఆ పని ఎలా చేయాలో వరుసగా రాస్తున్నాను.

హైదరాబాద్‌లో ఈ పనికి ఒక ప్రత్యేకమైన చిక్కు ఉంది. ఆఫీసులో పక్కపక్కన కూర్చున్న నలుగురిలో ఒకరిది కరీంనగర్, ఒకరిది శ్రీకాకుళం, ఒకరిది కడప. నాలుగో మనిషి పుట్టి పెరిగింది మలక్‌పేటలోనే. నలుగురూ తెలుగు గలగలా మాట్లాడతారు. కానీ ఇంగ్లిష్ మీడియంలో చదువుకుని, తెలుగు అక్షరాలు చూసి ఏళ్లు దాటినవాళ్లు అందులో ఇద్దరైనా ఉంటారు. వాళ్లకు తెలుగు వినడం హాయిగా ఉంటుంది, చదవడమంటేనే టెన్షన్. ఇలాంటివాళ్ల చేతిలో 400 పేజీల నవల పెట్టి "అద్భుతం, చదువు" అంటే అది అల్మారాలోకి వెళ్లి అక్కడే ఉండిపోతుంది.

అందుకే నేను గట్టిగా నమ్మేది ఒకటే. పుస్తకం ఇచ్చేముందు అందులోంచి ఒక్క పేజీ పైకి చదివి వినిపించండి. కింద చెప్పే అడుగుల్లో కొన్ని దానికి ముందు చేసుకోవాల్సినవి, కొన్ని ఆ తర్వాత చేయాల్సినవి.

మొదటి అడుగు: మీ ఇష్టాన్ని మీరే పరీక్షించుకోండి

మనందరి దగ్గరా రెండు జాబితాలు ఉంటాయి. ఒకటి గొప్పవని మనం ఒప్పుకున్న పుస్తకాలది, రెండోది మనం నిజంగా ప్రేమించినవాటిది. "ఏదైనా మంచి పుస్తకం చెప్పండి" అని ఎవరైనా అడగ్గానే నోటికి వచ్చేది మొదటి జాబితాయే. అవార్డులు వచ్చినవి, సిలబస్‌లో ఉన్నవి, పెద్దలు మెచ్చుకున్నవి. వాటి గురించి మాట్లాడుతుంటే మన గొంతులో ప్రాణం ఉండదు. వినేవాళ్లకు అది ఇట్టే తెలిసిపోతుంది. పంచుకోవాల్సింది రెండో జాబితాని.

ఆ రెండింటినీ విడదీయడానికి ఒక ఉపాయం ఉంది. పుస్తకం తెరవకుండా అందులోని ఒక సన్నివేశం చెప్పండి. ఎవరు ఎక్కడ ఉన్నారు, ఏ మాట అన్నారు, అది చదివినప్పుడు మీకేమనిపించింది. చెప్పగలిగితే అది మీ పుస్తకమే. సన్నివేశానికి బదులు "సమాజానికి అద్దం పట్టిన నవల" లాంటి మాటలే వస్తుంటే దాన్ని ప్రస్తుతానికి పక్కన పెట్టండి.

కాలేజీ రోజుల్లో చదివి ఊగిపోయిన పుస్తకాన్ని ఇన్నేళ్ల తర్వాత ఎవరికైనా ఇవ్వబోతుంటే ముందు మీరు మళ్లీ ఒకసారి తిరగేయండి. అప్పుడు కంటనీరు తెప్పించిన పేజీ ఇప్పుడు మామూలుగా అనిపించవచ్చు. అప్పుడు గబగబా దాటేసిన అధ్యాయం ఇప్పుడు కట్టిపడేయవచ్చు. ఆడవాళ్ల గురించో, ఫలానా కులం గురించో అప్పట్లో పట్టించుకోని ఒక మాట ఇప్పుడు గుచ్చుకోవచ్చు. అది మనకు ముందే తెలిసి ఉంటే ఇచ్చేటప్పుడు చెప్పొచ్చు. జాబితా పది దాటక్కర్లేదు, ఐదున్నా చాలు.

రెండో అడుగు: ఒక్కో పుస్తకానికి ఒక చీటీ

చీటీ అంటే సమీక్ష కాదు. ఎవరైనా అడిగినప్పుడు తడుముకోకుండా చెప్పడానికి మనకోసం రాసుకునే ఐదారు వాక్యాలు. ఫోన్లో నోట్స్‌లో పెట్టుకున్నా సరే, పుస్తకంలోనే చిన్న కాగితం మీద రాసి పెట్టినా సరే. పుస్తకం ఎంత పెద్దది, భాష ఎలా ఉంటుంది, ఎవరికి నచ్చుతుంది, ఎవరికి నచ్చకపోవచ్చు, ఏ పేజీ చదివి వినిపించాలి. ఇవి ఉంటే చాలు.

నా దగ్గరున్న ఒక చీటీ ఇలా ఉంటుంది:

"అమరావతి కథలు, సత్యం శంకరమంచి. 100 చిన్న కథలు, బాపు బొమ్మలు. ఒక్కో కథ కొద్ది పేజీలే, ఒక్క కూర్చోవడంలో అయిపోతుంది. వరుసగా చదవక్కర్లేదు. కృష్ణ ఒడ్డున ఊరు, గుడి, అక్కడి మనుషులు. వాక్యాలు పొట్టివి, పైకి చదివితే ఇంకా బాగుంటాయి. తెలుగు చదవడం అలవాటు తప్పినవాళ్లకు మొదటి పుస్తకంగా ఇవ్వొచ్చు. పెద్ద కథ, మలుపులు కావాలనేవాళ్లకు వద్దు. ఒకేసారి ఇరవై చదివేయొద్దని చెప్పాలి, రోజుకు ఒకటి రెండు."

ఇందులో "ఎవరికి వద్దు" అన్న వాక్యమే అన్నిటికంటే ముఖ్యం. ప్రతి పుస్తకాన్నీ అందరికీ చెప్పేవాళ్ల మాటకు త్వరలోనే విలువ పోతుంది. "ఇది నీకు నచ్చదులే, నీకు వేరేది ఇస్తా" అని ఒకసారి అనిచూడండి, ఆ తర్వాత మీరిచ్చే పుస్తకాన్ని ఎంత నమ్మకంగా తీసుకుంటారో.

మూడో అడుగు: ఎదుటి మనిషిని తెలుసుకోండి

"నీకు ఎలాంటి పుస్తకాలు ఇష్టం?" అని అడిగితే చాలామంది "ఏవైనా" అంటారు. దానివల్ల లాభం లేదు. నేను మూడు ప్రశ్నలు అడుగుతాను. చివరిసారి ఇష్టంగా పూర్తిచేసిన పుస్తకం ఏది? మధ్యలో వదిలేసింది ఏది, ఎక్కడ వదిలేశారు? అసలు మీకు చదివే టైమ్ ఎప్పుడు దొరుకుతుంది?

మూడో ప్రశ్నను తేలిగ్గా తీసుకోకండి. మియాపూర్ నుంచి ఎల్బీనగర్ వైపు మెట్రోలో రోజూ వెళ్లేవాళ్లకు కూర్చోవడానికి సీటు దొరికితే కథ ఒకటి పూర్తవుతుంది. నిలబడే వెళ్లాల్సి వస్తే ఒంటిచేత్తో పట్టుకోగలిగిన పల్చటి పుస్తకం కావాలి. పిల్లల్ని నిద్రపుచ్చాక పావుగంట మాత్రమే దొరికే తల్లికి అధ్యాయాలు చిన్నవిగా ఉన్నది ఇవ్వాలి. అరవై దాటినవాళ్లకు ముందు అక్షరాల సైజు చూడాలి. పాత ప్రచురణల్లో సన్నటి అక్షరాలు, పసుపెక్కిన కాగితం ఉంటాయి. వాటిని ఇచ్చి "చదవలేదా ఇంకా?" అని అడగడం అన్యాయం. అదే పుస్తకానికి కొత్త ప్రచురణ ఉందేమో వెతకండి.

మాండలికం సంగతి కూడా చూసుకోవాలి. దాశరథి రంగాచార్య 'చిల్లర దేవుళ్లు'లో సంభాషణలు తెలంగాణ పలుకుబడిలో సాగుతాయి. రావిశాస్త్రి కథల్లో ఉత్తరాంధ్ర పలుకు, నామిని కథల్లో చిత్తూరు పలుకు. ఏ ప్రాంతం వాళ్లకు ఆ ప్రాంతం పుస్తకమే ఇవ్వాలని నేననను. నిజానికి ఈ నగరంలో ఉండి కూడా పక్కసీటు మనిషి ఊరి భాషను పుస్తకంలో చదవకపోవడం పెద్ద లోటు. కాకపోతే కొత్త పలుకుబడిని కాగితం మీద చూసి బెదిరిపోయినవాళ్లే, అదే వాక్యం చెవిన పడితే వెంటనే అర్థం చేసుకుంటారు. ఇప్పుడు అసలు పనికి వద్దాం.

నాలుగో అడుగు: ఒక పేజీ చదివి వినిపించండి

ముందు పేజీని ఎంచుకోవడం. మొదటి పేజీ వద్దు. చాలా నవలల్లో మొదటి పేజీ ఊరి వర్ణనతోనో, వంశ చరిత్రతోనో మొదలవుతుంది. ముగింపు ఎలాగూ చెప్పకూడదు. మొదటి మూడో వంతులో ఎక్కడో, ఇద్దరు మనుషులు ఎదురెదురుగా నిలబడి మాట్లాడుకునే చోటు చూడండి. ముందు ఏం జరిగిందో ఒకటి రెండు వాక్యాల్లో చెబితే అర్థమయ్యేలా ఉండాలి. అంతకంటే ఎక్కువ చెప్పాల్సి వస్తోందంటే ఆ పేజీ సరైంది కాదు. నాటకాలతో ఈ ఇబ్బందే లేదు. గురజాడ 'కన్యాశుల్కం' మాటల మీదే నడుస్తుంది. ఇద్దరు చెరొక పాత్ర తీసుకుని చదివితే ఎవరికీ ఏమీ వివరించాల్సిన పని ఉండదు.

నిడివి రెండు మూడు నిమిషాలు. మామూలు నవల సైజు (డెమీ) పేజీ ఒకటి, మహా అయితే ఒకటిన్నర. ఇంకా చదవాలని మనకు ఎంత ఉబలాటంగా ఉన్నా అక్కడ ఆపేయాలి.

చదివేముందు ఇంట్లో ఒక్కసారైనా పైకి చదువుకోండి. కళ్లతో చదివినప్పుడు ఇబ్బంది పెట్టని పొడవాటి వాక్యం నోటితో చదివితే ఊపిరి చాలదు. ఎక్కడ ఆగాలో పెన్సిల్‌తో చిన్న గీత పెట్టుకోండి. నటించక్కర్లేదు. గొంతు మార్చి ఆడమాట, మగమాట, ముసలిమాట పలికించడం మొదలుపెడితే వినేవాళ్లు మనల్ని చూస్తారు తప్ప పుస్తకాన్ని చూడరు. మామూలుగా మాట్లాడే వేగం కంటే కొంచెం నెమ్మదిగా, మాటలు మింగకుండా చదివితే చాలు. మనది కాని మాండలికాన్ని ఎక్కిరించినట్టు పలకకుండా మరీ జాగ్రత్తగా ఉండాలి. రాసింది రాసినట్టు చదవండి, పలుకు దానంతట అదే వస్తుంది.

ఒకసారి మా ఆఫీసులో లంచ్ టైమ్‌లో గడీల కాలం నాటి కథలోంచి ఒక పేజీ చదివాను. వింటున్నవాళ్లలో నల్లగొండ వైపు అమ్మాయి ఒకరున్నారు. కోడింగ్ తప్ప ఇంకేం చదవడానికీ టైమ్ లేదని రోజూ అనే మనిషి. "నీ బాంచెన్ దొరా" అన్న మాట దగ్గరికి వచ్చేసరికి చెయ్యెత్తి ఆపింది. "అక్కా, మా నానమ్మ అచ్చం ఇట్లనే అంటుండె. ఇది పుస్తకంల కూడా రాస్తరా?" అంది. పుస్తకం నా చేతుల్లోంచి తీసుకుని, ఆ లైను కింద వేలు పెట్టి, అక్షరం అక్షరం కూడబలుక్కుంటూ తనే చదివింది. రెండు లైన్లు చదవడానికి నిమిషం పైనే పట్టింది. మేమెవరం తొందరపెట్టలేదు. పుస్తకం ఆ రోజు తనతోనే వెళ్లింది.

చదవడం అయిపోగానే మనం చేయాల్సింది చాలా చిన్న పని. పుస్తకాన్ని ఆ పేజీ దగ్గరే తెరిచి వాళ్ల చేతికివ్వండి. "ఇందులో రచయిత ఏం చెప్పాడంటే..." అని మొదలుపెట్టకండి. విన్నది వాళ్ల లోపలికి దిగడానికి కాస్త వ్యవధి ఇవ్వాలి.

దూరాన ఉన్నవాళ్లకు వాయిస్ మెసేజ్ పంపండి. ఫ్యాన్ ఆపి, తలుపు వేసుకుని, ఫోన్‌ను జానెడు దూరంలో పెట్టుకుని చదివితే స్పష్టంగా వస్తుంది. మొదట్లోనే పుస్తకం పేరు, రచయిత పేరు చెప్పండి. లేకపోతే నాలుగు గ్రూపులు తిరిగేసరికి అది ఎవరి రచనో తెలియకుండా పోతుంది.

ఐదో అడుగు: రాసి చెప్పాలనుకుంటే

రాసేటప్పుడు కథా సారాంశం వద్దు. అది పుస్తకం వెనక అట్ట మీద ఎలాగూ ఉంటుంది. మీరు ఏ పరిస్థితిలో చదివారు, ఎక్కడ ఆగారు, ఏ వాక్యం మీద వెనక్కి వెళ్లారు అన్నది మీరు తప్ప ఎవరూ రాయలేరు. పుస్తకంలో నెమ్మదిగా నడిచే భాగం ఉంటే దాచకండి. "మొదటి నలభై పేజీలు ఓపిక పట్టాలి, తర్వాత కింద పెట్టలేరు" అన్న ఒక్క వాక్యం ఎంతోమందిని ముప్ఫయ్యో పేజీ దగ్గర వదిలేయకుండా కాపాడుతుంది. "తప్పక చదవాల్సిన పుస్తకం", "ప్రతి తెలుగువాడి ఇంట్లో ఉండాల్సింది" లాంటి మాటలు వాడకండి. చదవనివాళ్లకు అవి నింద మోపినట్టుంటాయి.

చేతిరాతకు ఉన్న విలువ ఇంకే రకంగానూ రాదు. శ్రీరమణ 'మిథునం' కథ మీది ఇష్టంతో బాపు ఆ కథ మొత్తాన్నీ తన చేతిరాతలో రాశారు. అంత కాకపోయినా, పుస్తకం బహుమతిగా ఇచ్చేటప్పుడు లోపలి ఖాళీ పేజీలో నాలుగు లైన్లు రాయండి. ఎందుకు ఇస్తున్నారో, ఏ పేజీ వాళ్లను గుర్తుచేసిందో. కింద తేదీ, ఊరు. అరువు ఇచ్చేదైతే పుస్తకం మీద రాయకుండా కాగితం మీద రాసి లోపల పెట్టండి.

ఆరో అడుగు: కాపీ ఎక్కడ దొరుకుతుందో చెప్పండి

చాలా తెలుగు పుస్తకాలు 500, 1000 కాపీలే అచ్చవుతాయి. అవి అయిపోయాక మళ్లీ ఎప్పుడు వేస్తారో ఎవరూ చెప్పలేరు. కాబట్టి పుస్తకం గురించి ఊరించి, అది ఎక్కడ దొరుకుతుందో చెప్పకపోతే సగం పనే చేసినట్టు.

కొత్త పుస్తకాలకు కాచిగూడ చౌరస్తా దగ్గరి నవోదయ బుక్ హౌస్‌లో అడగండి. ఆబిడ్స్, కోఠి వైపు వెళ్తే ఒకప్పటి విశాలాంధ్ర, ఇప్పటి నవచేతన బుక్ హౌస్ ఉంది. డిసెంబర్ వస్తే ఇందిరా పార్కు దగ్గర ఎన్టీఆర్ స్టేడియంలో హైదరాబాద్ బుక్ ఫెయిర్ జరుగుతుంది. చిన్న ప్రచురణకర్తలు, సొంతంగా పుస్తకాలు వేసుకున్న రచయితలు స్టాళ్లలో కూర్చునేది అక్కడే. ఏ షాపులోనూ కనిపించని పుస్తకాలు అక్కడ దొరుకుతాయి. శని, ఆదివారాల సాయంత్రాలు రద్దీ ఎక్కువ. నిదానంగా చూడాలంటే వారం మధ్యలో వెళ్లండి.

పాత పుస్తకాలకు ఆదివారం ఆబిడ్స్. షాపులు మూసి ఉంటాయి, వాటి ముందు ఫుట్‌పాత్‌లంతా పుస్తకాలు పరుస్తారు. ఇంగ్లిష్ పుస్తకాలే ఎక్కువ. తెలుగువి కట్టల మధ్యలో కలిసిపోయి ఉంటాయి కాబట్టి కూర్చుని వెతకాలి. ఉదయం పదకొండు లోపు వెళితే ఎండ తగలదు, మంచివి ఇంకా మిగిలి ఉంటాయి. కొనేముందు ఒక జాగ్రత్త. పుస్తకాలను ఎక్కువగా 16 పేజీల ఫారాలుగా, అంటే మడిచిన కట్టలుగా, అచ్చువేసి కుడతారు. పాత పుస్తకంలో పోతే ఒక పేజీ పోవడం కాదు, ఒక్కోసారి ఫారం మొత్తం ఉండదు, లేదా ఒకే ఫారం రెండుసార్లు కుట్టి ఉంటుంది. 16, 32, 48, 64 పేజీల దగ్గర తెరిచి తర్వాతి నంబర్ వరుసలో ఉందో లేదో చూసుకోండి. రెండు నిమిషాల పని.

మీరు ప్రేమించే పుస్తకం పాత కాపీ తక్కువ ధరకు కనిపిస్తే, మీ దగ్గర ఉన్నా సరే, కొనేయండి. ఇచ్చేయడానికి ఒకటి, ఉంచుకోవడానికి ఒకటి. రెండో కాపీ చేతిలో ఉన్నప్పుడు ఇవ్వడానికి మనసు వెనకాడదు.

కొనలేనివాళ్లకు లైబ్రరీల దారి చూపండి. అఫ్జల్‌గంజ్‌లో మూసీ ఒడ్డున ఉన్న స్టేట్ సెంట్రల్ లైబ్రరీ 1891లో అసఫియా లైబ్రరీగా మొదలైంది. చిక్కడపల్లిలో సిటీ సెంట్రల్ లైబ్రరీ ఉంది. పోటీ పరీక్షలకు చదివే పిల్లలతో అది ఎప్పుడూ నిండి ఉంటుంది. సాహిత్యం అరల దగ్గర మాత్రం చోటుంటుంది. సుల్తాన్ బజార్‌లోని శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషా నిలయానికి ఒక్కసారైనా స్నేహితుల్ని తీసుకెళ్లండి. నిజాం రాజ్యంలో తెలుగుకు చోటు దొరకని రోజుల్లో, 1901లో, కొమర్రాజు లక్ష్మణరావు, రావిచెట్టు రంగారావు లాంటివారు పూనుకుని పెట్టిన గ్రంథాలయం అది. వట్టికోట ఆళ్వారుస్వామి 1938లో సికింద్రాబాద్‌లో దేశోద్ధారక గ్రంథమాల పెట్టి, పుస్తకాలు మోసుకుంటూ తిరిగి జనానికి అందించారు. ఈ నగరంలో పుస్తకం ఒక చేతి నుంచి ఇంకో చేతికి వెళ్లడం వెనక అంత కష్టం ఉందని తెలిసినప్పుడు, మన చేతిలోని పుస్తకాన్ని చూసే చూపే మారుతుంది.

ఏడో అడుగు: అరువిచ్చేటప్పుడు

ఇచ్చిన పుస్తకం తిరిగి రాదన్న భయంతో చాలామంది ఇవ్వడమే మానేస్తారు. దానికి మందు లెక్క రాసుకోవడం. ఒక చిన్న నోటుబుక్కులో పుస్తకం పేరు, తీసుకున్నవాళ్ల పేరు, తేదీ. తీసుకునేవాళ్ల చేతే రాయించండి, వాళ్లకూ గుర్తుంటుంది. గడువు ముందే చెప్పండి. కథల పుస్తకానికి నెల, లావు నవలకు రెండు నెలలు న్యాయంగా ఉంటుంది. గడువు దాటితే మొహమాటపడకుండా "అన్నా, ఆ పుస్తకం ఇంకొకరు అడుగుతున్నారు, అయిపోతే పంపిస్తారా? ఇంకా చదువుతుంటే చెప్పండి, పర్లేదు" అని మెసేజ్ పెట్టండి. ఇలా అడిగితే ఎవరూ నొచ్చుకోరు. ఇక దొరకని పుస్తకం, నాన్నగారు సంతకం పెట్టి ఇచ్చిన పుస్తకం లాంటివి అరువివ్వకండి. ఇంటికి పిలిచి, టీ ఇచ్చి, అక్కడే కూర్చుని చదువుకోమనండి.

పుస్తకానికి గోధుమరంగు అట్ట వేసి, వెన్ను మీద పేరు రాసి ఇవ్వండి. జూన్ నుంచి సెప్టెంబర్ దాకా బ్యాగులో పెట్టుకెళ్లేవాళ్లకు ఒక ప్లాస్టిక్ కవర్ కూడా. చిరిగిన పేజీకి సెల్లో టేపు వేయొద్దు, కొన్నేళ్లకు అది పసుపెక్కి కాగితాన్ని పాడుచేస్తుంది. పల్చటి కాగితం ముక్క, బైండింగ్ వాళ్లు వాడే మైదా జిగురు చాలు.

ఎనిమిదో అడుగు: నెలకోసారి కలుసుకోండి

ఇద్దరు ముగ్గురితో మొదలుపెట్టినా సరే. ఆరు నుంచి పది మంది ఉంటే అందరూ మాట్లాడగలుగుతారు. పదిహేను దాటితే అది సభ అయిపోతుంది, సభల్లో ముగ్గురు మాట్లాడతారు, మిగతావాళ్లు వింటారు. ఈ నగరంలో మనుషులు కలవడానికి అడ్డం దూరమే. కూకట్‌పల్లి వాళ్లూ వనస్థలిపురం వాళ్లూ ఒకచోటికి రావాలంటే మెట్రో స్టేషన్‌కు నడిచి వెళ్లగలిగే చోటు చూడాలి. చిక్కడపల్లి, ఆర్టీసీ క్రాస్‌రోడ్స్ చుట్టుపక్కల అయితే రెండు వైపులవాళ్లకూ వీలు. బాగ్‌లింగంపల్లిలో సుందరయ్య విజ్ఞాన కేంద్రం, బంజారాహిల్స్‌లో లామకాన్ లాంటి చోట్ల పుస్తకాల మీద కార్యక్రమాలు జరుగుతుంటాయి. మొదట అక్కడికి వెళ్లి నాలుగు ముఖాలు పరిచయం చేసుకోండి. చలికాలంలో పార్కు చాలు. ఎండాకాలంలో ఎవరింట్లోనైనా హాలు. ఇరానీ హోటల్లో చాయ్ బాగుంటుంది గానీ పేజీ చదివితే వినపడదు, అక్కడికి సమావేశం అయ్యాక వెళ్లండి.

నడిపే పద్ధతి. ప్రతి ఒక్కరూ ఒక పుస్తకం తెస్తారు. ఒక్కొక్కరికి ఏడెనిమిది నిమిషాలు. అందులో మూడు నిమిషాలు పేజీ చదవడానికి, రెండు నిమిషాలు ఎందుకు నచ్చిందో చెప్పడానికి, మిగిలింది ఇతరులు అడగడానికి. ఫోన్లో టైమర్ పెట్టండి, పెద్దవాళ్లయినా సరే, అందరికీ ఒకటే లెక్క. వేదిక, ముఖ్య అతిథి, శాలువా ఏవీ వద్దు. గుండ్రంగా కూర్చోండి. తెలుగు చదవడం నెమ్మది అయినవాళ్లను తప్పులు దిద్దుతూ ఆపకండి. "ఱ" దగ్గర తడబడ్డ మనిషిని నలుగురిలో సరిచేస్తే ఆ మనిషి వచ్చే నెల రాడు. ఇంగ్లిష్, ఉర్దూ పుస్తకం తెచ్చినా రానివ్వండి, దాని గురించి తెలుగులో చెబుతారు కదా. చివర్లో పుస్తకాలు మార్చుకోవడానికి పావుగంట వదలండి. అసలు మాటలు అప్పుడే నడుస్తాయి.

ఒక నెల ముగ్గురే వచ్చినా రద్దు చేయకండి. నెలలో ఫలానా ఆదివారం అని ఒకటి ఖాయం చేసుకుని, ఎవరొచ్చినా రాకపోయినా ఆ రోజు ఆ చోట ఉంటే గ్రూపు నిలుస్తుంది.

తొమ్మిదో అడుగు: పీడీఎఫ్‌ల విషయంలో జాగ్రత్త

గ్రూపు పెట్టిన రెండో రోజే ఎవరో ఒకరు పీడీఎఫ్‌లు పంపడం మొదలుపెడతారు. ఇష్టంతోనే పంపుతారు. కానీ బతికున్న రచయిత పుస్తకాన్ని స్కాన్ చేసి పంచితే, ఆ 500 కాపీలు కూడా అమ్ముడుపోక, ఆయన తర్వాతి పుస్తకమే రాకుండా పోయే ప్రమాదం ఉంది. మన చట్టం ప్రకారం రచయిత చనిపోయిన మరుసటి ఏడాది మొదటి తేదీ నుంచి 60 ఏళ్ల పాటు కాపీరైట్ ఉంటుంది. గురజాడ 1915లో పోయారు, ఆయన రచనలు ఎప్పుడో అందరివీ అయిపోయాయి. గోపీచంద్ 1962లో పోయారు, ఆయన జీవితకాలంలో వచ్చిన రచనలకు 2022తో గడువు తీరింది. చలం 1979లో, శ్రీశ్రీ 1983లో పోయారు కాబట్టి వాళ్ల రచనలకు 2039, 2043 చివరి దాకా హక్కులున్నాయి. అనువాదమైతే అనువాదకుల హక్కు విడిగా ఉంటుంది. లోపలి బొమ్మలకు చిత్రకారుల హక్కు, ముందుమాటకు అది రాసినవారి హక్కు అలాగే విడి.

గడువు తీరిన పుస్తకాలు తెలుగు వికీసోర్స్‌లో చాలానే ఉన్నాయి. వాటి లింకులు ధైర్యంగా పంచండి. మిగతావాటి విషయంలో, పుస్తకం గురించి మాట్లాడుతూ కొంత భాగం ఉదహరించడానికి చట్టం ఒప్పుకుంటుంది. కాబట్టి మీ అభిప్రాయంతో పాటు ఒక పేజీ వాయిస్ మెసేజ్, కింద పుస్తకం ఎక్కడ దొరుకుతుందో ఒక లైను. పీడీఎఫ్ కంటే ఇదే ఎక్కువమంది చేత పుస్తకం చదివిస్తుంది, నేను చూశాను.

పదో అడుగు: వాళ్లకు నచ్చకపోతే

నచ్చకపోవచ్చు. అప్పుడు "నీకు అర్థం కాలేదు" అనకండి, ఇంకోసారి చదవమని బలవంతపెట్టకండి. ఎక్కడ ఆగిపోయారో అడిగి మీ చీటీలో రాసుకోండి. ముగ్గురు వేర్వేరు మనుషులు ఒకే అధ్యాయం దగ్గర ఆగిపోయారంటే, తర్వాత ఇచ్చేవాళ్లకు ఆ అధ్యాయం గురించి ముందే చెప్పొచ్చు. చదివారా లేదా అని మొదటి మూడు వారాలు అసలు అడగనే వద్దు. వేరే మాటల మధ్యలో వాళ్లే ఎత్తుతారు.

ఇక వాళ్లు తిరిగి ఇచ్చే పుస్తకం సంగతి. మీకు పెద్దగా ఆసక్తి లేని క్రైమ్ నవలో, వ్యక్తిత్వ వికాసమో, వాళ్ల ఊరి కవి సొంత ఖర్చుతో వేసుకున్న సంపుటమో కావచ్చు. తీసుకోండి, మీ నోటుబుక్కులో తేదీ వేసి రాసుకోండి, వాళ్లకు మీరు పెట్టిన గడువులోనే చదివి ఇవ్వండి. ఇచ్చేటప్పుడు మీకు నచ్చిన పేజీ ఒకటి వాళ్లకే చదివి వినిపించండి. పుస్తకంలో ఎంత వెతికినా అలాంటి పేజీ దొరకకపోతే, ఆ మాటే మర్యాదగా చెప్పి, వాళ్లకు నచ్చిన పేజీ ఏదో చదవమని అడగండి.